భూమి లాగుడుకు బిల్లు ఎవరు కడుతున్నారు?

పోయిన ఎండాకాలం మా చిన్నమామ ఒక రంగుల కరపత్రం జేబులో పెట్టుకుని నంద్యాల వచ్చాడు. "గురుత్వాకర్షణ శక్తితో కరెంటు" అని దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. డీజిలు అక్కర్లేదట, ఎండ అక్కర్లేదట, గాలి అక్కర్లేదట. కింద మనిషెత్తు ఇనుప చక్రం బొమ్మ, దాని అంచు నిండా వేలాడే బరువులు. మూడు లక్షలు ముందుగా కడితే యంత్రాన్ని పొలంలో బిగించి వెళ్తారు, మోటారు ఆడగా మిగిలిన కరెంటు వాళ్ళే కొంటారు. మామకు ఆత్మకూరు దగ్గర పల్లెలో ఆరెకరాలుంది, ఒక బోరుంది. స్టార్టరు పక్కన మంచం వేసుకుని కరెంటు కోసం కాచుకున్న రాత్రులు ఆయన జీవితంలో లెక్కలేనన్ని. అలాంటి మనిషి కళ్ళకు ఆ కాగితం ఎలా కనిపించి ఉంటుందో నాకు అర్థమైంది.

"మామా, ఇది తిరగదు. శక్తి నిత్యత్వ నియమం ఒప్పుకోదు" అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. శక్తిని ఎవరూ కొత్తగా పుట్టించలేరు, ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మార్చగలరంతే అన్న ఆ ఒక్క మాట చాలుననుకున్నాను.

ఆయనకు చాలలేదు. "నియమం సరేమ్మా. శ్రీశైలంలో కరెంటు యాడినుంచి వస్తాంది? నీళ్ళు కిందికి పడితేనే గదా? ఆ నీళ్ళని కిందికి లాగేది భూమే గదా? రాత్రనక పగలనక లాగుతానే ఉండాదే. ఆ లాగుడుకు బిల్లు ఎవురు కడ్తాండారు?"

జవాబు నాకు తెలుసనే అనుకున్నాను. కానీ చెప్పబోయేసరికి నోట్లో మాటలన్నీ పాఠ్యపుస్తకం మాటలే. అవి ఆయనకు ఎందుకు పనికిరావో ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. పైగా ఈ ప్రశ్న నేను వినడం అది మొదటిసారి కాదు.

రెండు మార్కుల జవాబు

పదేళ్ళ కిందట, అప్పట్లో నేను పనిచేస్తున్న కాలేజీలో, గురుత్వాకర్షణ పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడు లేచి అడిగాడు. "మేడమ్, భూమి చంద్రుణ్ణి ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది కదా. మనం నీళ్ళ బకెట్టు పది నిమిషాలు పట్టుకుంటేనే చెయ్యి పీకుతుంది. మరి భూమికి అంత శక్తి ఎక్కడినుంచి వస్తుంది?"

డిసెంబరుకల్లా సిలబస్ అయిపోవాలి. "బలం వేరు, శక్తి వేరు. వృత్తాకార కక్ష్యలో బలం కదలికకు లంబంగా ఉంటుంది, కాబట్టి జరిగిన పని సున్నా. రాసుకో" అన్నాను. రాసుకుని కూర్చున్నాడు. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పులేదు, పరీక్షలో రాస్తే రెండు మార్కులూ పడతాయి. కానీ ఆ జవాబు అతని ప్రశ్నను తాకనే లేదని ఈమధ్య అనిపిస్తూ వస్తోంది. మామ ముందు నోరు పెగలనప్పుడు ఆ అనుమానం తీరిపోయింది.

అతను అడిగింది చెయ్యి పీకడం గురించి. ముందు దానికి జవాబు చెప్పి ఉండాల్సింది. గోడకు కొట్టిన మేకుకు అదే బకెట్టు తగిలిస్తే పదేళ్ళయినా మేకు అలసిపోదు, దానికి తిండి పెట్టక్కర్లేదు. మేకు వేస్తున్న బలమూ మన చెయ్యి వేసే బలమూ ఒకటే. తేడా అంతా చేతిలోనే ఉంది. బరువును నిలబెట్టి ఉంచాలంటే కండరంలోని సన్నని పోగులు క్షణక్షణం పట్టు వదిలి మళ్ళీ పట్టుకుంటూ ఉండాలి, ప్రతి పట్టుకూ మనం తిన్నదాంట్లోంచి కొంత ఖర్చు. బకెట్టు అంగుళం పైకి లేవకపోయినా ఒళ్ళు వేడెక్కేది అందుకే. అది మన కండరం నిర్మాణానికి ఉన్న ఇబ్బంది, బలానికి ఉన్న స్వభావం కాదు. మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన బలం చేతి బలమే కాబట్టి, పట్టుకున్నవాడికల్లా ఖర్చవుతుందని మనసులో పాతుకుపోయింది. ఇది ముందు చెప్పి, ఆ తర్వాత లంబకోణం సంగతి చెప్పి ఉంటే ఆ అబ్బాయి నా వెంట వచ్చేవాడు.

మాట కూడా కొంత అడ్డుపడుతుంది. పాఠ్యపుస్తకంలో బలం ఒకటి, శక్తి ఇంకొకటి. గడప దాటితే అంతా శక్తే. జీర్ణశక్తి, జ్ఞాపకశక్తి, ఓర్చుకునే శక్తి. పత్రికల్లో ఇవాళ్టికీ "గురుత్వాకర్షణ శక్తి" అనే రాస్తారు. ఆ వాడుకకు పాత వేరు ఉంది. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు భూమికి "ఆకృష్టిశక్తి" ఉందన్నాడు, ఆకాశంలోని బరువైన వస్తువుల్ని ఆ శక్తితోనే తనవైపు లాక్కుంటుందన్నాడు. అక్కడ శక్తి అంటే చేయగలిగిన గుణం. లెక్కకట్టి, ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మార్చే సరుకుగా శక్తిని చూడడం పందొమ్మిదో శతాబ్దపు సంగతి. స్థితిజశక్తి (ఎత్తున ఉన్నందుకు వస్తువులో నిల్వ ఉండే శక్తి) అన్న మాటకు మూలమైన ఆంగ్లపదాన్ని రాంకిన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు 1853లో వాడాడు. మనం పాత మాటనే కొత్త భావానికి ఇచ్చాం. అందులో తప్పేమీ లేదు. తరగతిలో ఆ సంగతి చెప్పకపోవడమే తప్పు.

నన్ను ఇంకా ఆలోచింపజేసేది మరొకటుంది. అదే భాస్కరుడు అదే గ్రంథంలో, యంత్రాల అధ్యాయంలో, తనంతట తాను తిరిగే చక్రాన్ని వర్ణించాడు. తేలికైన కర్రతో చక్రం చేసి, బోలుగా ఉన్న ఆకుల్లో (ఇరుసు నుంచి అంచుకు వెళ్ళే పుల్లల్లో) సగం వరకు పాదరసం పోసి మూసేస్తే అది ఆగకుండా తిరుగుతుందని. భూమి లాగుతుందని అంత స్పష్టంగా చెప్పిన మేధావికీ, ఆ లాగుడు నుంచి పని రాబట్టవచ్చన్న ఆశ కలిగింది. మామ జేబులోని కరపత్రంలో ఉన్న చక్రం దాదాపు ఆ చక్రమే. కాబట్టి ఈ ఆశను చదువురానివాళ్ళ అమాయకత్వం అనడానికి నేను ఒప్పుకోను.

వాకిట్లో సైకిలు చక్రం

మరుసటి ఆదివారం నేనే పల్లెకు వెళ్ళాను. మామవాళ్ళ ఇంట్లో మూలన పడి ఉన్న పాత సైకిలు చక్రాన్ని వాకిట్లో రెండు గుంజల మధ్య ఇరుసు మీద నిలబెట్టాం. ఎనిమిది చిన్న కూల్‌డ్రింకు సీసాల్లో సగం సగం నీళ్ళు పోసి, మూతలు బిగించి, చక్రం ఆకుల మీద అన్నిటినీ ఒకే వాలుగా కట్టాం. ఒక పక్క సీసాల్లో నీళ్ళు అంచువైపు జారుతాయి, ఇంకో పక్క ఇరుసువైపు జారుతాయి. అంచు దగ్గరి బరువుకు మొగ్గు ఎక్కువ కదా, చక్రం అటే తిరుగుతూ ఉండాలి.

మామ చేత్తో తోశాడు. మూడు చుట్లు తిరిగింది, మెల్లగా అయింది, కాస్త వెనక్కి ఊగి ఆగిపోయింది. కొబ్బరినూనె వేసి మళ్ళీ తోశాడు. ఇంకొన్ని చుట్లు, మళ్ళీ ఆగింది. అప్పుడు ఆయనే వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. దిగే పక్కన నీళ్ళు అంచుకు చేరిన సీసాలు తక్కువ. ఎక్కే పక్కన నీళ్ళు ఇరుసు దగ్గర నిలిచిన సీసాలు ఎక్కువ. దూరంలో వచ్చిన లాభం సంఖ్యలో పోయింది.

"ఏ సీసానైనా ఒకదాన్ని పట్టుకుని చూడు మామా. ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే రావాలి. ఎంత దిగిందో అంతా ఎక్కాలి. దిగేటప్పుడు భూమి ఇచ్చినదంతా ఎక్కేటప్పుడు తీసేసుకుంటుంది" అన్నాను.

"మరి శ్రీశైలంలో నీళ్ళు దిగినాక ఎక్కవు గదా" అన్నాడు.

ఎక్కుతాయి. ఎక్కేది మనకు కనబడదు, అంతే.

శ్రీశైలం లెక్క

రెండు జలాశయాలూ నిండుగా ఉన్నప్పుడు శ్రీశైలం మట్టం 885 అడుగులు, దిగువన నాగార్జునసాగర్ మట్టం 590 అడుగులు. మధ్య తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. ఒక టన్ను నీళ్ళు అంత ఎత్తు దిగితే వచ్చే శక్తి దాదాపు 8,80,000 జౌళ్ళు, మన మీటరు భాషలో పావు యూనిట్. ఊళ్ళోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ళ ట్యాంకరు మొత్తాన్ని ఆ 90 మీటర్ల ఎత్తు నుంచి దించినా, నష్టాలు పోగా దక్కేది ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువ. ఈ లెక్క చెప్పినప్పుడు మామ చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మోటారు గంటకు మూడు నాలుగు యూనిట్లు కాలుస్తుంది.

ఇక ఆ నీళ్ళను ఎత్తినవాడు సూర్యుడు. సముద్రంలో ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 24 లక్షల జౌళ్ళు కావాలి. ఆ ఆవిరి అరేబియా సముద్రం మీదినుంచి పడమటి కనుమలు ఎక్కి, మబ్బై, దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న మహాబలేశ్వరం చుట్టుపక్కల వానై, కృష్ణలో చేరి, శ్రీశైలం గేటు దాకా వస్తే, ఆ కిలో నీటి నుంచి అక్కడ మనకు దక్కేది 880 జౌళ్ళు. సూర్యుడు ఆవిరికి పెట్టిన ఖర్చులో సుమారు 2,700 వంతుల్లో ఒక వంతు. మిగిలినది వృథా అయిందని కాదు. ఆవిరి మబ్బుగా మారేటప్పుడు ఆ వేడిలో ఎక్కువ భాగం గాలికే తిరిగి చేరి, రుతుపవనాల గాలులకు ఊపునిస్తుంది. కానీ బిల్లు ఎవరు కట్టారో తేలింది. భూమి కాదు. భూమి ఎంత ఎత్తున పెడితే అంత లెక్కపెట్టి తిరిగి ఇచ్చింది.

దీనికి రుజువు శ్రీశైలంలోనే ఉంది. ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అవి నీళ్ళు దిగేటప్పుడు టర్బైన్లు. కరెంటు మిగిలినప్పుడు వెనక్కి తిప్పితే అవే పంపులై దిగువ నీటిని మళ్ళీ పైకి తోస్తాయి. ఇలాంటి కేంద్రాల్లో వంద యూనిట్లు పెట్టి నీళ్ళు తోడితే, తిరిగి దించినప్పుడు వచ్చేది డెబ్బయ్యైదో ఎనభయ్యో. భూమి దగ్గర ఉచిత శక్తి ఏ కాస్త ఉన్నా ఇక్కడ వందకు నూటొకటి రావాలి. ఇంత పెద్ద యంత్రాల్లో రానిది, పొలంలో బిగించే చక్రంలో రాదు.

ఇక్కడ మామ అన్న మాట ఒకటి రాయాలి. ఆయన పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. "నీళ్ళు అంత ఎత్తున నిలబడనీకి మా ఊరు పోయిందమ్మా. అది నీ లెక్కలో యాడ వస్తాది?" అన్నాడు. నా లెక్కలో రాదు. భౌతికశాస్త్రం లెక్కలో ఆనకట్ట గోడకు కొట్టిన మేకులాంటిది, నీటికి ఒక్క జౌల్ కూడా ఇవ్వదు, నిలబెడుతుంది. నిలబెట్టడానికి ఎవరేం పోగొట్టుకున్నారన్నది ఇంకో పుస్తకంలో రాసుకోవాల్సిన లెక్క. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే, ఆ దారిలో వెళ్ళిన ప్రతిసారీ ఆయన బండి ఆపించి ఒక నిమిషం నిలబడతాడు.

మరి సూర్యుణ్ణి ఎవరు ఎత్తారు?

పాఠంగా చెబితే ఇక్కడితో ఆపేయొచ్చు. బలానికి ఖర్చు లేదు, ఎత్తినవాడిదే శక్తి, సూర్యుడు ఎత్తాడు, అయిపోయింది. చాలామంది ఇక్కడే ఆపుతారు. నేనూ ఇన్నాళ్ళూ ఇక్కడే ఆపాను. ఆ పిల్లవాడి ప్రశ్న అసలు మొదలయ్యేది ఇక్కడినుంచే అని ఇప్పుడు నా అభిప్రాయం.

ఎందుకంటే సూర్యుడి కథ కూడా పడిపోవడంతోనే మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్, కెల్విన్ సూర్యుడి వేడికి మూలం గురుత్వాకర్షణే అన్నారు. పెద్ద వాయురాశి తన బరువుకు తానే కుంగిపోతుంటే, పడే నీటిలాగే అందులోనూ శక్తి వేడిగా బయటికి వస్తుంది. లెక్క కడితే ఆ నిల్వ కొన్ని కోట్ల ఏళ్ళకు మించి రాదు. భూమి పొరలు చదివిన భూగర్భ శాస్త్రవేత్తలకూ, జీవపరిణామానికి కాలం కావాల్సిన డార్విన్‌కూ అది ఏమాత్రం చాలలేదు. గొడవ దశాబ్దాలు నడిచింది. భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్ళని ఇప్పుడు తెలుసు. సూర్యుడు ఇంతకాలం వెలిగింది హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవడం వల్ల.

అలాగని కెల్విన్ ఆలోచనను పూర్తిగా పక్కన పడేయలేం. ఆ హైడ్రోజన్ అంటుకోవాలంటే నడిమధ్యన కోటిన్నర డిగ్రీల వేడి కావాలి, అంతటి వొత్తిడి కావాలి. ఆ వేడిని మొదట తెచ్చిపెట్టింది కుంగుడే. అగ్గిపుల్ల గీసింది గురుత్వాకర్షణ. బృహస్పతి గ్రహమైతే ఇవాళ్టికీ మెల్లగా కుంగుతూ, సూర్యుడి నుంచి అందుకునేదానికన్నా ఎక్కువ వేడిని బయటికి పంపుతోంది. అక్కడ కెల్విన్ లెక్క ఇప్పటికీ నడుస్తోంది.

సరే, పడింది కాబట్టి వేడెక్కింది. పడాలంటే ముందు ఎత్తున ఉండాలి. కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న ఆ వాయువును ఒకదానికొకటి అంత దూరంగా ఎవరు పెట్టారు? ఇక్కడ ఎత్తినవాడు లేడు. పంపు లేదు, సూర్యుడు లేడు. వెనక్కి వెనక్కి వెళితే, 3,80,000 ఏళ్ళ వయసులో విశ్వం ఎలా ఉందో చూపించే మైక్రోవేవ్ వెలుతురు ఒకటి మనకు అందుతోంది. 1992లో కోబే ఉపగ్రహం ఆ వెలుతురులో కనిపెట్టిన హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు. అంటే పదార్థమంతా దోసె పెనం మీద పిండిలా సమంగా పరిచి ఉంది. ఆ లక్షలో ఒక వంతు తేడాల దగ్గరే తర్వాత గడ్డలు కట్టి, గెలాక్సీలై, నక్షత్రాలై, చివరికి శ్రీశైలం గేటు దగ్గర నురగలు కక్కే నీళ్ళయ్యాయి.

కాబట్టి మామకు నేను ఇచ్చే జవాబు ఇది. గురుత్వాకర్షణకు శక్తి లోపలినుంచి పుట్టుకురాదు, ఎవరూ రోజూ పంపనూ పంపరు. అన్నీ దూరదూరంగా ఉన్నాయన్నదే నిల్వ. దగ్గరవుతున్నకొద్దీ ఆ నిల్వ కరిగి వేడిగానో వేగంగానో బయటపడుతుంది. మొదట అంత దూరంగా, అంత సమంగా ఎందుకున్నాయన్నదానికి నా దగ్గర జవాబు లేదు, భౌతికశాస్త్రంలోనూ అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. "బలం వేరు, శక్తి వేరు" అన్న వాక్యం ఈ పెద్ద ప్రశ్నను కప్పేస్తుంది. నాకు ఆ వాక్యంతో పేచీ అందుకే.

మ్యాక్స్‌వెల్ ఆగిన చోటు

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. నన్ను బాగా ఇబ్బంది పెట్టేది "నిల్వ" అన్న మాటే. నిల్వ ఉంటే ఎక్కడో ఉండాలి. ఎక్కడ?

1865లో విద్యుదయస్కాంత క్షేత్రం మీద రాసిన గొప్ప పత్రంలో భౌతికశాస్త్రవేత్త మ్యాక్స్‌వెల్ మధ్యలో కాసేపు గురుత్వాకర్షణ వైపు తిరిగాడు. విద్యుత్తులో శక్తి క్షేత్రంలోనే, ఖాళీ జాగాలోనే ఉంటుందని అప్పుడే చూపించాడు. అదే పద్ధతిని ఇక్కడా పెట్టి చూశాడు. కానీ విద్యుత్తులో ఒకే జాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, ఇక్కడ పదార్థం పదార్థాన్ని లాక్కుంటుంది. దాంతో గుర్తు తిరగబడింది. క్షేత్రం ఉన్నచోట శక్తి పెరగాల్సింది పోయి తగ్గుతోంది. అంటే ఏ ఆకర్షణా లేని ఖాళీ చోట్ల ఊహకందనంత శక్తి ముందే ఉండాలి. అలాంటి గుణం ఒక మాధ్యమానికి ఎలా ఉంటుందో తనకు అర్థం కావడం లేదని, ఈ దారిలో ఇంతకు మించి వెళ్ళలేనని రాసి ఆగిపోయాడు. ఆయన అంతటివాడు ఆ మాటను పత్రంలో రాశాడే అని నాకు ఆ పేరా అంటే గౌరవం.

ఆ మైనస్ గుర్తు ఉత్త కాగితం మీద గీత కాదు. భూమి ముక్కలన్నీ విడివిడిగా, దూరదూరంగా ఉన్నప్పటి మొత్తం ద్రవ్యరాశి కన్నా ఇప్పుడు కలిసి ఉన్న భూమి ద్రవ్యరాశి తక్కువ. ఎంతంటే ఇంచుమించు రెండున్నర లక్షల కోట్ల టన్నులు. అవి కలిసేటప్పుడు వేడిగా అంతరిక్షంలోకి వెళ్ళిపోయిన శక్తికి సరితూగే ద్రవ్యరాశి అది. భూమి మొత్తంతో పోలిస్తే వెయ్యి కోట్లలో నాలుగు వంతులే, కానీ సున్నా మాత్రం కాదు.

ఐన్‌స్టీన్ సిద్ధాంతం వచ్చాక "ఎక్కడ" అన్న ప్రశ్న ఇంకా చిక్కుపడింది. స్వేచ్ఛగా పడుతున్నవాడికి తన చుట్టూ గురుత్వాకర్షణ కనిపించదు, కాబట్టి ఏ బిందువు దగ్గరైనా వేలు పెట్టి "ఇదిగో ఇక్కడ ఇంత శక్తి" అని అందరికీ ఒకేలా చెప్పడం కుదరదు. జర్మనీలోని గట్టింగెన్‌లో హిల్బర్ట్, క్లైన్ అనే గణితవేత్తలు ఈ చిక్కు విప్పలేక తోటి గణితవేత్త ఎమ్మీ నోథర్‌ను అడిగారు. సొంత పేరుతో పాఠం చెప్పడానికి కూడా అప్పటికి ఆ విశ్వవిద్యాలయం ఆమెకు అనుమతి ఇవ్వలేదు. 1918లో ఆమె ఇచ్చిన జవాబు ఇవాళ భౌతికశాస్త్రానికంతటికీ పునాదిరాయి. ప్రకృతి నియమాలు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉంటే శక్తి నిత్యత్వం దానంతట అదే వస్తుంది. స్థలకాలాలే వంగి మారే చోట ఆ నిత్యత్వం మనకు అలవాటైన రూపంలో ఉండదు. నిత్యత్వ నియమాన్ని మామ మీద గొడ్డలిలా విసిరిన నాకు, ఆ నియమం ఎక్కడినుంచి వస్తుందో చెప్పిన మనిషిని తరగతిలో ఒక్కసారైనా తలచుకోలేదన్న బాధ ఉంది.

"చోటు చెప్పలేకపోతే ఆ శక్తి నిజమే కాదు, లెక్కల సౌకర్యం మాత్రమే" అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 1974లో హల్స్, టేలర్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు అరెసిబో రేడియో టెలిస్కోపుతో ఒక జంట నక్షత్రాన్ని కనిపెట్టారు. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి 7 గంటల 45 నిమిషాలకు ఒకసారి తిరుగుతాయి. ఆ సమయం ఏటా సెకనులో పది లక్షల వంతుల్లో 76 వంతుల చొప్పున తగ్గుతోంది. గురుత్వ తరంగాలుగా, అంటే స్థలకాలాల్లో లేచే అలలుగా, పోయే శక్తికి ఎంత దగ్గరవ్వాలో సరిగ్గా అంతే దగ్గరవుతున్నాయి. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశోధనశాల పట్టిన గురుత్వ తరంగంలో సూర్యుడి ద్రవ్యరాశికి 36 రెట్లు, 29 రెట్లు ఉన్న రెండు కృష్ణబిలాలు కలిసి 62 రెట్లున్న ఒకే కృష్ణబిలమయ్యాయి. మూడు సూర్యుళ్ళంత లోటు, సెకనులో చిన్న భాగంలో తరంగమై వెళ్ళిపోయింది. ఏ చోటనుంచి తీసిందో వేలు పెట్టి చూపలేకపోయినా, ఖాతాలో తగ్గింది, మన దగ్గరికి వచ్చింది.

మరోవైపు "విశ్వం మొత్తం శక్తి సున్నా, ప్లస్సూ మైనస్సూ కొట్టేసుకుంటాయి, అందుకే ఇదంతా ఉచితంగా వచ్చింది" అని వీడియోల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ విశ్వమంతటికీ కలిపి శక్తి ఇంత అని అందరూ ఒప్పుకున్న నిర్వచనమే ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో లేదు. నిర్వచనం లేనిదాన్ని సున్నా అనడం నాకు నచ్చదు. ముఖ్యంగా "ఉచితం" అన్న మాటను మామ ముందు పలకడానికి నేను సిద్ధంగా లేను.

చంద్రుడి సంగతి

ఆ పిల్లవాడు అడిగింది చంద్రుడి గురించి. నేను చెప్పిన "పని సున్నా" అన్నది అక్కడ కూడా పూర్తిగా నిజం కాదు. చంద్రుడి లాగుడుకు సముద్రం పొంగుతుంది, మచిలీపట్నంలోనూ కాకినాడలోనూ రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. కోట్ల టన్నుల నీరు నేలకు రాసుకుంటూ కదిలితే వేడి పుడుతుంది. ఆ వేడికి శక్తి కావాలి, ఇక్కడ ఖర్చు ఉంది. దాన్ని కట్టేది భూమి, తన చుట్టూ తాను తిరిగే వేగంలోంచి. అందుకే రోజు నిడివి వందేళ్ళకు ఇంచుమించు రెండు మిల్లీసెకన్లు పెరుగుతోంది. ఆ వేగంలో కొంత చంద్రుడికి అంది, అతను ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. 1969లో అపోలో 11 మనుషులు అక్కడ పెట్టివచ్చిన అద్దం మీదికి లేజరు కొట్టి, వెలుతురు తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఈ దూరాన్ని కొలుస్తున్నారు.

"భూమి అలసిపోదా మేడమ్" అన్న అర్థంలో అడిగిన పిల్లవాడికి, "అలసిపోతుంది నాయనా, చాలా మెల్లగా, ఇదిగో ఇంత" అని చెప్పగలిగేదాన్ని. రాసుకో అని కూర్చోబెట్టాను. అతని పేరు గుర్తుంది, ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు.

ఈ ఏడు మొదటి సంవత్సరం పిల్లలకు ఆ పాఠం మొదలుపెట్టిన రోజు, నల్లబల్ల మీద సూత్రం రాయకముందే ఒక అమ్మాయి చేతికి నీళ్ళ బకెట్టు ఇచ్చి, అలాంటిదే ఇంకోటి గోడ మేకుకు తగిలించాను. ఆ గంటలో సూత్రం దాకా వెళ్ళలేదు. ఇంకో గంట కావాల్సి వచ్చింది, అడిగి తీసుకున్నాను.

మామ మూడు లక్షలు కట్టలేదు. యంత్రం మనిషి రెండోసారి వచ్చినప్పుడు వాకిట్లో సైకిలు చక్రం ఇంకా గుంజల మధ్యే ఉందట. "కిందికొచ్చిన బరువును మళ్ళా పైకి ఎవురెత్తుతారు?" అని మామ అడిగాడట. అది కంపెనీ రహస్యమని చెప్పి, ఆ మనిషి టీ తాగి వెళ్ళిపోయాడట. ఈ సంగతి ఫోనులో చెప్పి, పెట్టేయబోతూ మామ ఆగాడు.

"అది సరేగానీ, మొదట్ల అంతా ఎత్తుననే ఉండాది, ఎవురూ ఎత్తలా అంటివి గదా. పండక్కి వచ్చినప్పుడు ఆ సంగతి మళ్ళొకసారి చెప్పాల నువ్వు. నాకు నిద్ర పట్టల్యా."